పరుపు చెప్పిన మాట

ఘుగ్గుస్‌ల రాత్రి నల్లగుండదు.
సిమెంటు ఫ్యాక్టరీ దీపాలు మబ్బుకు పసుపు పూస్తయి.
కిటికీ తీస్తే బొగ్గుదుమ్ము, మూస్తే ఉక్కపోత.
సగం తీసి, ఆ సగానికి తడిపిన పాత లుంగీ కట్టిన.
అది ఆరేదాక నేను మేలుకొనే ఉన్న.

మూడు నెలలాయె కంటికి కునుకు లేక.
పొద్దంత కాంటా కాడ లారీలు తూకమేస్త.
నిండు బరువుల నుంచి ఖాళీ బరువు తీసేస్తే
మిగిలింది బొగ్గు. రసీదు చింపి ఇచ్చుడే.
రాత్రి ఒరిగితే నన్ను నేను తూకమేసుకుంట.
నిండు బరువు తెలుస్తది.
ఖాళీ ఐతే గద, తీసేసేటందుకు.

డిస్పెన్సరీ డాక్టరమ్మ మాత్ర రాయలే.
"ఆధీ ఖోలీ నీట్ కరా, తాయీ" అన్నది.
గది సరిజేసుకుంటే కన్ను సరైతదట,
మంచమంటే పండేటందుకేనట.
ఇంటికొచ్చి చూస్తే
దిండు కింద చీటీల పుస్తకం, మోకాళ్ల నూనె సీసా,
మంచం కింద బియ్యం బస్తా, పగిలిన కుక్కర్,
కాళ్లకాడ టీవీ.
ఒక్కొక్కటి మోసి ముందరి అర్రల పెట్టిన.
గది పెద్దగైంది.
నిద్ర రానితనానికి ఇంకింత జాగ దొరికింది.

ఇన్వర్టర్ పచ్చదీపం మీద బొట్టుబిళ్ల అతికించిన.
గడియారాన్ని వంటింట్లకు పంపిన,
అక్కడి నుంచి గూడ ఇనబడ్డది.
పప్పు డబ్బాల ఎనక పెడితే పప్పు డబ్బా టిక్కుమన్నది.
ఆఖరికి బియ్యం బస్తాల పాతిపెట్టిన.
తలాపు తూర్పుకు తిప్పుమని శకుబాయి,
దక్షిణానికని మా ఓదెలు.
రెండు దిక్కులూ తిప్పి చూసిన.
గోడ మారింది, బల్లి అదే.

ఓదెలుకు ఇవన్ని అక్కర్లేదు.
రాత్రంత ఓపెన్‌కాస్ట్‌ల డంపర్ నడిపి
తెల్లారినంక వచ్చి పడితే,
పక్కింట్ల మిక్సీ తిరిగినా, పిల్లలు బంతాడినా,
తెరిచిన కిటికీల ఎండ మొఖం మీద పడ్డా
బండలెక్క పంటడు.
ఒక్క మంచం మాది, రెండు షిఫ్టులు.

దీపావళి పోయినంక
వణీ నుంచి రసూల్‌మియా సైకిల్ మీద వచ్చిండు,
భుజాన దూదేకే విల్లు.
వాకిట్ల పరుపు పరిచి, కుట్లు ఇప్పకముందే
అరచెయ్యి పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకు తడిమిండు,
నాడి చూసే వైద్యుని లెక్క.
"నడుమ గుంత పడ్డది మీ ఆయనదా?"
అవునన్న.
"మరి ఈ అంచు ఎవరిది?
దూది పండుకున్నట్టు లేదు, కూసున్నట్టుంది."

తలుపు దిక్కు అంచు అది.
జానెడు మందాన ఉండాల్సింది రొట్టెలెక్క అణిగింది.
నేనేం చెప్పలే.
విల్లు టుంయ్ టుంయ్ మన్నది,
దూది లేచి నా వెంట్రుకల మీద వాలింది.

మూడు నెలల కింద వానల
ఒక డంపర్ కట్ట మీదికెళ్లి జారింది.
అది ఓదెలుది కాదు.
ఆ పొద్దటి నుంచి ఓదెలు ఆ మాట ఎత్తలే, నేను ఎత్తలే.
రాత్రైతే మాత్రం
దూరం నుంచి వెనక్కొచ్చే బండ్ల పీక్ పీక్ మోతల
ఏది మాదో ఏరుకుంట కూసుంట.
ఏరలేనని తెలుసు. అన్ని ఒక్కతీరుగనే కూస్తయి.

పొద్దు వాలేసరికి పరుపు పిండి పొంగినట్టు పొంగింది.
మంచమెక్కాలంటే స్టూలు కావాలె అని శకుబాయి నవ్వింది.
రసూల్‌మియా పైసలు లెక్కపెట్టుకొని
పోతూ పోతూ అన్నడు:
"నడుమల పండు బిడ్డా. అంచుకు ఇంక బలం లేదు."

ఆ రాత్రి నడుమల పండిన.
కాళ్లు రెండు దిక్కులకు చాపిన, ఎవరిదో ఇల్లనిపించింది.
కొత్తగ ఏకిన దూదిల ఎండ వాసన.
వెనక్కొచ్చే బండి ఒకటి, రెండు...
ఏది ఎవరిదని ఏరలే, ఉత్తగ లెక్కపెట్టిన.
పదకొండు దాక యాదికున్నది.

మర్నాడు రాత్రి, ఉన్నది చెప్తున్న,
నలభై.